సవరణ: 'జేనీ'లో నటించింది జోన్ లెస్లీ కాదు

రెండో ప్రపంచయుద్ధకాలపు హాలీవుడ్ కామెడీల మీద మొన్న పెట్టిన పోస్టులో, 1944 నాటి 'జేనీ'లో టైటిల్ పాత్ర జోన్ లెస్లీ వేసిందని రాశాను. అది తప్పు, నేను సరిచూసుకోకుండా రాసేశాను. ఆ పాత్ర వేసింది జాయిస్ రేనాల్డ్స్. సినిమా టైటిల్స్‌లోనే ఆమె పేరు ఉంది.

జోన్ లెస్లీ జేనీగా కనిపించేది 1946లో వచ్చిన సీక్వెల్ 'జేనీ గెట్స్ మ్యారీడ్'లో. రెండింట్లోనూ హీరో రాబర్ట్ హట్టనే, అమ్మానాన్నలుగా ఆన్ హార్డింగ్, ఎడ్వర్డ్ ఆర్నాల్డే. అక్కడే పొరబడ్డాను. దర్శకులు మాత్రం వేరు: మొదటిది 'కాసాబ్లాంకా' తీసిన మైకేల్ కర్టిజ్‌ది, రెండోది విన్సెంట్ షెర్మన్‌ది.

ఇంకొకటి. కథ సినిమా కోసమే పుట్టిందన్నాను. కాదు, 1942లో బ్రాడ్‌వేలో ఆడిన నాటకం దానికి మూలం.

పెద్దవాళ్లు ఇంట్లో లేని రాత్రి చిన్న పార్టీ అనుకుంటే ఇల్లంతా సైనికులతో నిండిపోయే సీను గురించి అంత మురిసిపోతూ రాశాను కదా, ఆ గందరగోళం మధ్య నిలబడింది జాయిస్ రేనాల్డ్సే. ఆ మెప్పు ఆమెకే చెందాలి. పాత పోస్టులోనూ పేరు మార్చాను.