పండుగప్ప, మీడియం రేర్

మా ఊరికి స్టేక్ హౌస్ వచ్చింది. ఊరి పేరు చెప్పను. భీమవరానికి దగ్గర, సముద్రానికి ఇంకా దగ్గర, అంతవరకు చాలు. పేరు చెబితే ఓనరెవరో తెలిసిపోతుంది. తెలిశాక ఆయన ఎటునుంచో ఒకటునుంచి నాకు వరసకు బాబాయి అవుతాడు. వచ్చే మాఘమాసంలో ఏదో పెళ్ళిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చోవలసి వస్తుంది.

ముందుగా ఒక చిన్న సాంకేతిక విషయం. మా స్టేక్ హౌస్‌లో స్టేక్ ఉండదు. స్టేక్ అంటే లోకమంతా ఎరిగినది దళసరిగా కోసిన గొడ్డుమాంసం ముక్క. మన దగ్గర 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఉంది, అంతకన్నా గట్టివాళ్ళు ఊళ్ళో పెద్దమనుషులున్నారు. ఓనరు ఆ జోలికే పోలేదు. అందుకు ఆయన్ని తప్పుపట్టను. మాంసం లేకపోతే పోయింది, పేరెందుకు వదులుకోవాలి అనుకున్నాడు. నేతిబీరకాయ అమ్మేవాణ్ణి నెయ్యేదని ఎవరూ నిలదీయరు కదా. అలా మెనూలో చికెన్ స్టేక్, ఫిష్ స్టేక్, మష్రూమ్ స్టేక్, చివరికి పనీర్ స్టేక్ వెలిశాయి.

(అసలు స్టేక్ అన్న మాట పాత నార్స్ భాష నుంచి వచ్చింది. పుల్లకు గుచ్చి నిప్పు మీద కాల్చడంతో దానికి చుట్టరికం. అంటే చీకులు. సంత దగ్గర బండి మీద సాయంత్రం ఆరు నుంచి అమ్ముతున్నది అదే. బండాయనకి ఈ సంగతి నేను చెప్పలేదు. రేటు పెంచుతాడు.)

మా బావమరిదికి చెరువు పట్టుబడి బాగా వచ్చింది. ఆ సంతోషంలో నన్నూ, మా ఆవిణ్ణీ, మా అత్తగారినీ తీసుకుని బయల్దేరాడు. కోటు వేసుకున్నాయన తలుపు తీశాడు. లోపల చీకటి. “కరెంటు పోయినట్టుంది, ఇంకో రోజు వద్దాం అల్లుడుగారూ” అన్నారు అత్తగారు. పోలేదు, తగ్గించారు. వెలుతురు తగ్గిస్తే విలాసమట. మా మావగారి రోజుల్లో ఈ విలాసం వేసవిలో రోజుకి ఎనిమిది గంటలు ఉచితంగా వచ్చేది.

ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాడు వచ్చి నిలబడ్డాడు. “గుడ్ ఈవినింగ్ సర్, ఐ విల్ బి యువర్ సర్వర్ టునైట్” అన్నాడు, పదమూడో ఎక్కం అప్పజెప్పినట్టు. ముఖం చూస్తే ఉప్పుటేరు గట్టు మీది కుర్రాడేనని గుడ్డివాడైనా చెబుతాడు. స్టిల్ వాటరా, స్పార్క్లింగ్ వాటరా అని అడిగాడు. స్టిల్ అంటే కదలనివి. మా జిల్లాలో కదలని నీళ్ళంటే చెరువు నీళ్ళే కాబట్టి ఆ ప్రశ్న నాకు బాగానే అర్థమైంది.

తర్వాతిదే అర్థం కాలేదు.

“బాబూ, నాకు శనివారం. నీచు తగలకుండా ఏదైనా పెట్టు” అన్నారు అత్తగారు. “పనీర్ స్టేక్, మేడమ్” అన్నాడు కుర్రాడు. “సరే, అదే.” అక్కడితో అయిపోవాలి. కుర్రాడు కదలలేదు. “హౌ వుడ్ యూ లైక్ ఇట్ డన్, మేడమ్? రేర్, మీడియం రేర్, మీడియం, వెల్ డన్?”

పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. ఈ లెక్కంతా గొడ్డుమాంసం కోసం పుట్టింది. ముక్క నడిమధ్యలో వేడి 55 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మీడియం రేర్, లోపల ఎరుపు ఉంటుంది. 70 దాటితే వెల్ డన్, ఎరుపు పోతుంది. మరి పనీరో? అది పాలు మరగబెట్టి, నిమ్మరసం పిండి, విరగ్గొట్టి, బరువు పెట్టి నొక్కిన సరుకు. ఎంత కాల్చినా లోపల తెలుపే, కాల్చకపోయినా తెలుపే. పనీర్ ముక్క కోసినప్పుడు మధ్యలో ఎర్రగా కనిపిస్తే పిలవాల్సింది చెఫ్‌ని కాదు, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ని.

“ఏమంటున్నాడు?” అన్నారు అత్తగారు.

“ఎంతవరకు ఉడకాలి అని అడుగుతున్నాడండీ.”

“ఉడికేదాకా.”

కుర్రాడి చేతిలో ట్యాబ్ ఉంది. అందులో ఉడికేదాకా అన్న గడి లేదు. ఉన్న నాలుగింటిలో ఒకటి నొక్కితే గాని ఆర్డరు వంటింట్లోకి వెళ్ళదు. కుర్రాడు మళ్ళీ మొదటినుంచి నాలుగూ చదివాడు. అత్తగారు నలభై ఏళ్ళు ఉమ్మడి కుటుంబానికి వండిపెట్టిన మనిషి. “ఇంతమందికి వండాను, ఇంత ఉడకాలని ముందు చెప్పినవాడు ఒక్కడు లేడు నాయనా. ఉడక్కపోతే మాత్రం అందరూ చెప్పేవాళ్ళు” అన్నారు. మా ఆవిడ కల్పించుకుని “మీడియం” అంది, టీలో పంచదారకి చెప్పినట్టు. ట్యాబు శాంతించింది. మా ఆవిడ పుట్టగొడుగులకీ అదే ప్రశ్న వచ్చింది. బావమరిది రొయ్యలకీ వచ్చింది. చివర్లో ఐస్‌క్రీముకి కూడా వస్తుందని, రేర్ అని చెబుదామని సిద్ధంగా కూర్చున్నాను గాని రాలేదు.

రొయ్యల సంగతి త్వరగా ముగిస్తాను. ‘జంబో టైగర్ ప్రాన్ స్టేక్’ అని మూడు రొయ్యలొచ్చాయి, 900 రూపాయలు. బావమరిది ఒకదాన్ని తోక పట్టుకుని ఎత్తి చూశాడు. “టైగరా? ఇది వనామీ బావగారూ. నలభై కౌంటు.” వనామీ అంటే మా చెరువుల్లో పెంచే మామూలు రొయ్య, నలభై కౌంటంటే కిలోకి నలభై. రొయ్య 300 చొప్పున కిలో పన్నెండు వేలు. గట్టు మీద కిలోకి నాలుగు వందలు దాటితే మావాడు కొబ్బరికాయ కొడతాడు. ఆ రాత్రి వాడు ఆ మూడు రొయ్యల్నీ తినలేదు, అలా చూస్తూ కూర్చున్నాడు.

నేను చెప్పింది ‘పాన్ సియర్డ్ బారముండి స్టేక్’. 1,450. ఏం చేప అనడిగితే “ప్రీమియమ్ వైట్ ఫిష్, సర్, ఆస్ట్రేలియన్ స్టైల్” అన్నాడు కుర్రాడు. నల్లటి పలక మీద వచ్చింది. పళ్ళెం కాదు, పలకే. మార్కాపురం పలక మీద అ ఆలు దిద్దిన తరం మాది. దాని మీద పులుసు పోయకూడదన్న జ్ఞానం అప్పుడే ఉండేది. నిమ్మరసం, వెన్న కలిపిన సాసు మూడు వైపులా కారి టేబులు గుడ్డ మీదికి దిగింది. బావమరిది ఫోను టార్చి వేశాడు. తోలు చూశాడు, కండ విడదీసి చూశాడు. గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరో పోయినట్టు చెప్పాడు: “బావగారూ, ఇది పండుగప్ప.”

పండుగప్పే. బారముండి అన్నా, ఏషియన్ సీబాస్ అన్నా అదే చేప. మా వీధిలో చేపలావిడ తట్టలో పెట్టుకుని అమ్ముకుంటూ వస్తుంది. బారముండి అన్నది ఇంగ్లీషు మాట కూడా కాదు, ఆస్ట్రేలియా ఆదివాసుల మాట. పెద్ద పొలుసుల నది చేప అని అర్థం. ఎక్కడో సముద్రాల అవతల ఆదివాసుల మాటకి మా ఊళ్ళో 1,450 పలుకుతోందంటే సంతోషమే. ఆ జనాల్ని తెల్లదొరలు పెట్టిన తిప్పలకి ఈ మాత్రం గౌరవం ఎక్కడైనా దక్కాలి.

నీళ్ళు పోయడానికి వంగిన కుర్రాడు, వంగినచోటే, పెదవులు కదపకుండా అన్నాడు: “పండుగప్పేనండి, పొద్దున్నే మా ఊరి రేవునించే వచ్చిందండి.”

వెనకాల మేనేజరు ఉన్నాడు. “ఎనీ ప్రాబ్లమ్, సర్?” అని నాకొక చిరునవ్వు, కుర్రాడికొక వేలు చూపించాడు. ఒక వేలు. చేతులు కడుక్కునే దగ్గర ఆ వేలికి అర్థమేమిటని కుర్రాణ్ణి అడిగాను. అటూ ఇటూ చూసి చెప్పాడు. కస్టమర్ల ముందు తెలుగు మాట్లాడితే ఫైను. మాటకి, అంటే వాక్యానికి, వంద. నెలాఖరున జీతంలో పట్టుకుంటారు.

ఇందాకటినుంచి నవ్వుతూ రాస్తున్నాను. ఇది నవ్వే సంగతి కాదు. చేప మీది కాదు, రేవు మీది కాదు. ఆ కుర్రాడి ఊరి చేపని, ఆ కుర్రాడి ఊరివాళ్ళకే, వేరే పేరు పెట్టి మూడింతలకి అమ్ముతారా? అసలు పేరు వాడి నోటినుంచి జారితే వాడి కూటిలోంచి వంద కోసుకుంటారా? ఆ గదిలో తెలుగు రానివాడు ఒక్కడు లేడు. వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, ఆ మూల కౌంటరులో నోట్లు లెక్కపెట్టేవాడు, అందరిదీ ఒకటే నీరు. మా అత్తగారు దాహమని తెలుగులో అడిగితే ఆ పిల్లాడు భయంతో ఇంగ్లీషులో జవాబిచ్చాడు, ఆవిడకి రాదని తెలిసి కూడా. ముసలావిడకి మంచినీళ్ళు అనే మాట అందనివ్వని చోటు పెద్ద హోటలా? థూ.

బిల్లొచ్చింది. కింద సర్వీసు చార్జీ పది శాతం. ఇది బలవంతంగా వసూలు చెయ్యకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ళవాళ్ళు కోర్టుకెళితే, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. మేనేజర్ని పిలిచి ఇదెందుకయ్యా అన్నాను. “ఇట్స్ ఫర్ స్టాఫ్ వెల్ఫేర్, సర్” అన్నాడు.

వెల్ఫేర్. సరే. “అయితే ఒక పని చెయ్యి. ఈ రెండు గంటల్లో మా టేబులు మీద ఎన్ని తెలుగు మాటలు దొర్లాయో లెక్కగట్టి, మాటకి వంద చొప్పున నా బిల్లులో వెయ్యి. ఆ కుర్రాడి లెక్కలోంచి కొట్టెయ్యి. సర్వీసు చార్జీ మాత్రం పైసా ఇవ్వను” అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్క టేబుళ్ళలో ఫోర్కులు ఆగాయి. బావమరిది నా మోచెయ్యి లాగుతున్నాడు. మేనేజరు “సర్, ప్లీజ్, సర్, పాలసీ, సర్” అంటున్నాడు. నేను ‘పండుగప్ప’ అన్నాను. ఇంకోసారి, ఇంకా గట్టిగా, “పండుగప్ప!” అన్నాను.

మేనేజరు మెడలోని టై వదులైంది. “ఆయ్, ఊరుకోండి బాబూ! అందరూ ఇటే చూత్తన్నారు. మీలాంటి పెద్దోళ్ళే ఇలా గొడవ చేత్తే ఎలాగండీ?”

వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడు, తప్పు లేని ఇంగ్లీషులో, చాలా మర్యాదగా అన్నాడు:

“త్రీ హండ్రెడ్, సర్.”