అవుట్‌బోర్డు మోటారు మొరాయిస్తే బ్యాటరీ, సీడీఐ మార్చేయాల్సిందేనా?

వేట నిషేధం ముగిసి బోట్లు మళ్లీ నీళ్లలోకి దిగే రోజుల్లో కోనసీమ, యానాం వైపు బోటువాళ్ల ఫోన్లలో, బోటు వెనక తగిలించే ఇంజను, అంటే అవుట్‌బోర్డు మోటారు గురించి ఒక వాయిస్ మెసేజి తెగ తిరుగుతోంది. అందులో చెప్పేవి ఐదు మాటలు. స్టార్టరు తిరగకపోతే బ్యాటరీ పోయినట్టే. స్పార్కు రాకపోతే సీడీఐ (ప్లగ్గుకు స్పార్కు అందించే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయినట్టే. కిల్ స్విచ్చి వైరు కత్తిరిస్తే సగం గొడవ వదులుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే రాగితీగ చుట్టండి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే ఛార్జింగు సంగతి తేలిపోతుంది. మొదటి రెండూ డబ్బు దండగ చేయిస్తాయి. మిగతావి బోటుకీ మనిషికీ ముప్పు తెస్తాయి.

బ్యాటరీ సంగతే ముందు చూద్దాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటులోనే వదిలేసిన బ్యాటరీ దిగిపోవడంలో వింత లేదు. దిగిపోయినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. నిండా ఛార్జి అయి, కాసేపు ఊరుకున్న బ్యాటరీ మీటరులో 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. 12కి వచ్చిందంటే చాలావరకు ఖాళీ అయినట్టు, ముందు ఛార్జింగు పెట్టాలి. ఆ తర్వాత స్టార్టరు నొక్కినప్పుడు 9.6 కంటే కిందికి పడితేనే బ్యాటరీని అనుమానించాలి. పడకుండా ‘టక్’ మని ఆగిపోతే లోపం బ్యాటరీ నుంచి స్టార్టరుకు కరెంటు వెళ్లే దారిలో ఉండొచ్చు. స్టార్టరు అసలు ఉలకకపోతే గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూడండి.

మన దగ్గర ఆ దారే ఎక్కువగా పాడవుతుంది. ఎండాకాలం ధవళేశ్వరం దిగువకు మంచినీళ్లు తగ్గాక, పోటుతో ఉప్పునీరు పాయల్లోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పు టెర్మినల్ కింద ఆకుపచ్చ చిలుముగా పడుతుంది, తొడుగు లోపలికి పాకి రాగిని నల్లబరుస్తుంది. పైకి వైరు కొత్తదానిలాగే కనిపిస్తుంది. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ ముక్కుకీ, రెండోది ఇంజను ఒట్టి లోహానికీ ఆనించి, ఇంకొకరిని స్టార్టరు నొక్కమనండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరే దొంగ. ప్లస్ వైపూ ఇలాగే, బ్యాటరీ నుంచి స్టార్టరు బోల్టు దాకా చూడాలి. గీకి బిగించండి, నల్లబడిన ముక్క కోసేసి తగరం పూత వైరు వేయండి. ఇక తాడు లాగి తిప్పే, తిరుగుడుతోనే స్పార్కు కరెంటు పుట్టించుకునే చిన్న మ్యాగ్నెటో మోటార్లకు స్పార్కు ఇవ్వడానికి బ్యాటరీయే అక్కర్లేదు.

సీడీఐ చాలా ఖరీదైన వస్తువు, అందుకే దాన్ని ఆఖరున అనుమానించాలి. సీడీఐ ఉన్న మోటార్లలో కిల్ స్విచ్చి, అంటే స్టాప్ స్విచ్చి, చేసే పని ఇగ్నిషన్ కరెంటును ఎర్త్ చేసి ఇంజను ఆపడమే. ఆ వైరు ఒరుసుకుని లోహానికి తగిలినా, స్విచ్చిలోకి ఉప్పునీరు చేరినా, బోటు నడిపేవాడు నడుముకు కట్టుకునే తాడు క్లిప్పు స్విచ్చిలో సరిగా కూర్చోకపోయినా స్పార్కు ఉండదు. క్లిప్పు సరిచూసి, గట్టు మీద ప్లగ్గులు విప్పి, స్టాప్ వైరు కాసేపు విడదీసి తిప్పండి. స్పార్కు వచ్చిందంటే లోపం స్విచ్చిలోనో దాని వైరులోనో ఉన్నట్టు, సీడీఐ జోలికి పోనక్కర్లేదు. స్పార్కు టెస్టరును ఇంజనుకు గట్టిగా ఎర్త్ చేసి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా ఉంచండి. ప్లగ్గు వైరును గాలిలో వేలాడదీసి చూస్తే కాయిల్, సీడీఐ దెబ్బతినొచ్చు, పెట్రోలు ఆవిరి అంటుకోనూ వచ్చు.

పరీక్ష అయ్యాక ఆ వైరు తిరిగి కలపాల్సిందే. కత్తిరించి వదిలేయమన్న సలహా మీద నాకు నిజంగా కోపం వస్తోంది. మొగ దగ్గర ఏటి ఒరవడీ సముద్రపు కెరటమూ ఢీకొనే చోట సరంగు నీళ్లలో పడితే, నడుముకు కట్టిన ఆ తాడు క్లిప్పును లాగి ఇంజనును ఆపుతుంది. అది లేని బోటు తనంతట తాను గుండ్రంగా తిరిగి, తిరుగుతున్న పంకాతో పడ్డవాడి మీదికే రావచ్చు. స్విచ్చి చెడితే కొత్తది వేయించండి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే ఎక్కడో వైరు ఎర్త్ అవుతున్నట్టు, లేదా ఏదో పరికరం ఎక్కువ కరెంటు లాగుతున్నట్టు. రాగితీగ చుడితే ఆ వేడి పెట్రోలు ట్యాంకు పక్కనున్న వైరులో పుడుతుంది. లైట్లు, పంపు, ఫిష్ ఫైండరు ఒక్కొక్కటిగా విడదీస్తే దోషి బయటపడుతుంది. ఆ తర్వాత పాతదాని మీద రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే పెట్టండి.

నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, రెక్టిఫైయరు (ఇంజను పుట్టించే కరెంటును బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే భాగం) కాలిపోవచ్చు. దానికి బదులు బ్యాటరీ ముక్కుల మీద మీటరు పెట్టి, థ్రాటిల్ కాస్త పెంచండి. 13.5కీ 14.5కీ మధ్య ఉంటే ఛార్జింగు బాగున్నట్టే. 12.5 దగ్గరే కదలకపోతే ముందు ఛార్జింగు ఫ్యూజు, దాని వైర్లు, ఆ తర్వాతే రెక్టిఫైయరు చూపించండి.