కళ్ళకంటే వెలుతురే ఎక్కువ చెప్పింది

యానిమేషన్ ప్రేమకథల్లో భావమంతా పెద్ద పెద్ద కళ్ళలోనే ఉంటుందని ఒక వ్యాసంలో చదివాను. సగమే ఒప్పుకుంటాను. జపాన్ దర్శకుడు మకోతో షిన్‌కాయ్ 2013లో తీసిన యానిమేషన్ సినిమా 'ది గార్డెన్ ఆఫ్ వర్డ్స్' చూడండి. అందులో ఒక కుర్రాడు, ఒక యువతి వానలో పార్కులో కూర్చుంటారు. ఆ ఇద్దరి చెంపల మీద, మెడ మీద, నీడ పడిన చోట చెట్ల పచ్చదనమే పూశారు. మొహాల్లో పెద్దగా కదలిక లేకపోయినా ఆ చోటు వాళ్ళిద్దరినీ ఎంత దగ్గర చేసిందో తెలిసిపోతుంది. విజయనగరంలో నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లలు చర్మానికి ఒకే రంగు వేస్తారు. అందుకే వానాకాలంలో పెద్దచెరువు గట్టుకి తీసుకెళ్ళి, పక్కవాళ్ళ మొహం మీద ఏయే రంగులు పడుతున్నాయో చూడమంటాను.

చేతులు, పాదాలు చూపించే షాట్ల గురించి కూడా ఆ వ్యాసంలో రాయాల్సింది. ఆ కుర్రాడికి బూట్లు తయారుచేసే పని నేర్చుకోవాలని కోరిక. ఆమె పాదం కొలత తీసుకునే సీన్‌లో ఉన్నంత ప్రేమ ఆ సినిమాలో ఏ కళ్ళ క్లోజప్‌లోనూ నాకు కనపడలేదు.