సవరణ: ఆల్బర్ట్ భయం పోలేదు

మనస్తత్వశాస్త్రంలోని పద్ధతుల బలాబలాల గురించి మొన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. ప్రవర్తనావాదం (మనిషిని ప్రవర్తనను బట్టే అర్థం చేసుకోవాలనే పద్ధతి) గొప్ప చెప్పే ఊపులో, దాన్ని మొదలుపెట్టిన వాట్సన్ ఆల్బర్ట్ అనే పసివాడికి భయం నేర్పి, తర్వాత పోగొట్టాడని రాసేశాను. పోగొట్టలేదు.

1920లో వాట్సన్, రోజలీ రేనర్ ప్రచురించిన ప్రయోగం అది. పదకొండు నెలల బాబు తెల్ల ఎలుకను ముట్టుకోబోతుంటే వెనక నుంచి ఉక్కు కడ్డీని సుత్తితో ఠంగుమని కొట్టారు. కొన్నిసార్లకే ఎలుక కనబడితే చాలు, ఏడుపు. కుందేలును చూసినా అంతే. ఆ భయం తీసేలోపే బాబు ఆసుపత్రి నుంచి వెళ్లిపోయాడు.

నేను కలిపేసింది 1924లో మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ రాసిన పీటర్ అనే పిల్లాడి కథతో. వీడికి కుందేలంటే హడల్. ముందు, భయంలేని పిల్లల పక్కన ఆడనిచ్చారు. కాస్త కుదుటపడ్డాడనుకుంటే జ్వరం, ఆపైన ఓ పెద్ద కుక్క మీదికి దూకడం, మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు వాడు ఇష్టమైనది తింటుండగా పంజరంలోని కుందేలును కొద్దికొద్దిగా దగ్గరికి జరిపారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు.

కాబట్టి బలాల కింద రాయాల్సింది పీటర్‌ని. ఆల్బర్ట్‌ది బలహీనతల ఖాతా: ఉన్నది ఒక్క పిల్లాడు, ఫలితమంతా చూసినవాళ్ల వర్ణన. పసివాణ్ని ఏడిపించి వదిలేయడం సంగతి సరేసరి.

ఇంకొకటి. ప్రవర్తనావాదులు ఆలోచనలే లేవంటారని రాశాను. వాళ్లలో పేరున్న స్కిన్నర్ అలా అనలేదు. ఆలోచననూ బయటికి కనబడని ప్రవర్తనగానే లెక్కవేశాడు. ఆ వాక్యం కొట్టేశాను.