‘బాల్కనీలో తాగితే మీకేంటి?’: ఓ ఫార్వర్డ్ మెసేజ్‌కి జవాబు

ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గ్రూపును బట్టి రూపం మారుతుంది కానీ సారం ఒకటే. పొగ తాగేవాడి వల్ల పక్కవాడికి జబ్బులొస్తాయన్నది ఉత్త బెదిరింపట. వాహనాల పొగ ముందు సిగరెట్ పొగ ఓ లెక్కే కాదట. బాల్కనీలో తాగితే ఇంట్లోవాళ్లకి ఏమీ కాదట. విషమంతా సిగరెట్‌లోనే ఉందట, బీడీలు, చుట్టలు సహజమైనవట, అవి తాగిన తాతలు తొంభై ఏళ్లు బతికారట. పొగాకు పన్ను లేకపోతే ప్రభుత్వాలే నడవవట. చివర్లో ‘నా ఊపిరితిత్తులు, నా ఇష్టం’ అంటూ ఒక దండం ఎమోజీ.

దీనికి బొటనవేలు చూపించేవాళ్లలో పొగ తాగనివాళ్లూ ఉన్నారు. అదే నాకు వింత.

ముందు వాహనాల సంగతి చూద్దాం. 2004లో ఇటలీ పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతికారు. 60 ఘనపు మీటర్ల గ్యారేజీలో తలుపులు మూసి, డీజిల్ కారు ఇంజన్‌ని అరగంట నడిపారు. తర్వాత గాలంతా బయటికి పోనిచ్చి, అదే గ్యారేజీలో మూడు సిగరెట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి పెట్టారు. అదీ అరగంటే. గాలిలో సన్న ధూళి కణాలు కారు నడిపినప్పటికంటే సిగరెట్లు కాలినప్పుడు పదింతల దాకా ఎక్కువ తేలాయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అది కొత్త తరహా ఇంజన్, పోసింది గంధకం తక్కువున్న డీజిల్. మన రోడ్ల మీద నల్లపొగ కక్కే పాత లారీతో పెడితే లెక్క అలాగే వస్తుందని నేను అనను. కానీ ఆ లారీని ఎవరూ తెచ్చి బెడ్‌రూంలో స్టార్ట్ చేయరు కదా.

వేళ్ల మధ్య ఊరికే కాలుతున్న సిగరెట్‌ని ఒకసారి గమనించండి. దమ్ము లాగినప్పుడు కొస ఎర్రగా రగులుతుంది. ఆ పొగ ఫిల్టర్ గుండా తాగేవాడి లోపలికి వెళుతుంది. రెండు దమ్ముల మధ్య ఆ కొస చల్లబడి అరకొరగా కాలుతుంది. అప్పుడు లేచే పొగకి ఫిల్టర్ అడ్డం ఉండదు, నేరుగా గదిలోకే పోతుంది. ఒకే మోతాదులో పోల్చి చూస్తే, తాగేవాడు లాగే పొగకంటే ఇదే ఎక్కువ విషం. పక్కన కూర్చున్నవాళ్లు పీల్చేదాంట్లో ఎక్కువ భాగం ఇదే.

‘ఢిల్లీలో ఉంటే రోజుకి ఇన్ని సిగరెట్లు తాగినట్టే’ అన్న పోలికనీ ఈ వాదనకి తగిలిస్తుంటారు. అది బర్క్‌లీ ఎర్త్ అనే అమెరికన్ సంస్థ 2015లో వేసిన లెక్క. ఘనపు మీటరు గాలిలో 22 మైక్రోగ్రాముల సన్న ధూళి ఉంటే, రోజంతా దాన్ని పీల్చడం ఒక సిగరెట్‌తో సమానం అన్నారు. కాలుష్యం ఎంత ప్రమాదమో జనానికి అర్థం కావడానికి సిగరెట్‌ని కొలబద్దగా పెట్టారు. అంటే సిగరెట్ హానికరమన్నదే ఆ లెక్కకి పునాది. దాన్నే తిప్పి సిగరెట్‌కి క్లీన్ చిట్ ఇస్తున్నారు! బయట ఊరి పొగ పీల్చి ఇంటికొచ్చినవాడికి లోపల ఇంకో పొగ అదనంగా తగులుతుందే తప్ప, ఒకటి ఉందని ఇంకోటి తగ్గదు.

ఇక బాల్కనీ. ఇంట్లో తాగడం కంటే బయట తాగడం మేలే, కాదనను. అయితే ‘ఏమీ కాదు’ అన్నదే అబద్ధం. అమెరికాలోని శాన్ డియేగోలో చంటిపిల్లలున్న ఇళ్లని పరిశీలించారు. తల్లిదండ్రులు బయటికెళ్లి తాగొచ్చే ఇళ్లలో పిల్లలకి తగిలే పొగ, అసలెవరూ తాగని ఇళ్లతో పోలిస్తే 5 నుంచి 7 రెట్లు ఎక్కువ తేలింది. ఇంట్లోనే తాగితే దానికింకా 3 నుంచి 8 రెట్లు. పొగ తలుపు సందుల్లోంచి వస్తుంది, చొక్కాకి, జుట్టుకి, చేతులకి పట్టుకుని వస్తుంది. ఆ చొక్కాతోనే పిల్లని ఎత్తుకుంటాం. కిటికీ తెరవడం, ఫ్యాన్ పెంచడం, తాగేవాళ్లని వేరేగా కూర్చోబెట్టడం, వీటితో బెడద పూర్తిగా పోదని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య సలహాదారు) 2006 నివేదిక తేల్చి చెప్పింది. పొగ తాగకుండా ఇంట్లోనో, ఆఫీసులోనో పక్కవాళ్ల పొగ పీల్చేవాళ్లకి గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 20 నుంచి 30 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది కూడా ఆ నివేదికే. జపాన్‌లో హిరయామా అనే పరిశోధకుడు ఎప్పుడో 1981లోనే ఈ సంగతి బయటపెట్టాడు. 90 వేలకి పైగా పొగ తాగని భార్యల వివరాలు పద్నాలుగేళ్ల పాటు చూస్తే, భర్త ఎంత ఎక్కువ తాగితే భార్యకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అంత పెరిగింది.

మన దేశంలో ఇది ఎంతమంది గొడవ? 2016-17 జాతీయ పొగాకు సర్వేలో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 10.7 శాతం మందే పొగ తాగుతామన్నారు. ఇంట్లో పొగ పీలుస్తున్నామన్నవాళ్లు మాత్రం 38.7 శాతం. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ‘నా ఊపిరితిత్తులు’ అన్న మాట ఎంత డొల్లో తెలుస్తుంది. 2009-10లో ఆ రెండోది 52.3 శాతం ఉండేది కాబట్టి తగ్గింది నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో పొగ తాగేవాళ్లు 14.2 శాతం, దేశ సగటు కంటే ఎక్కువ.

బీడీ సహజమట. బీడీ చుట్టే తునికాకు సహజమే, ఎవరు కాదన్నారు? ఆ ఆకు గాలిని సరిగా చొరనివ్వదు. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాల్సిందే. అందుకే చూడటానికి చిన్నదైనా తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఇవ్వడంలో సిగరెట్‌కి తీసిపోదు. ప్రజారోగ్య పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం దేశంలో దాదాపు 11 లక్షల ఇళ్లలో జరిగిన మరణాలు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించింది. బీడీ తాగే మగవాళ్లు సగటున ఆరేళ్లు, బీడీ తాగే ఆడవాళ్లు ఎనిమిదేళ్లు, సిగరెట్ తాగే మగవాళ్లు పదేళ్లు ముందు పోతున్నారు. రోజుకి ఏడు బీడీల లోపు తాగినా చావు ముప్పు పావు వంతు పెరుగుతోంది. పైగా మగవాళ్లలో ఈ అదనపు చావులు ఎక్కువగా క్షయ, శ్వాసకోశ జబ్బులు, గుండెజబ్బులతోనే. ‘మా వంశంలో క్యాన్సర్ లేదు’ అనుకుని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఇది తెలియదు.

తొంభై ఏళ్ల తాత నిజంగానే ఉండొచ్చు. యాభై ఐదుకే దగ్గుతూ పోయిన తాత గురించి ఎవరూ ఫార్వర్డ్ పెట్టరు, అంతే తేడా. చుట్టలంటే గొప్పగా చెప్పుకునేవాళ్లు ఉత్తరాంధ్ర అడ్డపొగ గురించి కూడా చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్లు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. ఆ సెగకి అంగిలి తెల్లబడి, మచ్చలు పడి, పుండ్లు లేచి, కొందరిలో క్యాన్సర్‌గా మారడం డాక్టర్లు 1960ల నుంచి నమోదు చేస్తూనే ఉన్నారు. ఆ చుట్టలో ఉన్నదీ మన పొలంలో పండిన పొగాకే.

పన్ను గురించి రెండు ముక్కలు. 2017-18 లెక్కల్లో పొగాకు జబ్బుల వల్ల దేశానికైన ఖర్చు, నష్టం కలిపి 1.77 లక్షల కోట్ల రూపాయలు. పొగాకు ఎక్సైజ్ పన్నుగా వచ్చే ప్రతి 100 రూపాయలకీ సమాజం మీద పడే భారం 816 రూపాయలని తేలింది. ప్రకాశం జిల్లా రైతు బతుకు నిజమైన ప్రశ్నే, దాన్ని కొట్టిపారేయలేం. కాకపోతే అక్కడి వర్జీనియా పొగాకులో చాలా భాగం ఎగుమతికే పోతుంది. మీ బాల్కనీ మీద ఆ రైతు ఆధారపడి లేడు.

చివరికి మిగిలింది ‘నా ఇష్టం’. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో ఆ ఇష్టానికి 200 రూపాయల దాకా జరిమానా ఉంది. ఇంట్లో చట్టం లేదు, అడిగేది ఇంట్లోవాళ్లే. అదే జాతీయ సర్వేలో పొగ తాగేవాళ్లలో 55.4 శాతం మంది మానేయాలనుకుంటున్నామనే చెప్పారు. మీ గ్రూపులో అలాంటివాళ్లు ఉంటే, ఆ మెసేజ్ కింద ఈ నంబరు పెట్టండి: 1800-11-2356. పొగాకు మానాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ లైన్ ఇది.