సస్పెన్స్ థ్రిల్లర్ గారూ, ఆ ఆవకాయ జాడీ ఏమైందండీ?

మహారాజశ్రీ సస్పెన్స్ థ్రిల్లర్ గారి దివ్య సముఖమునకు,

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక ప్రేక్షకురాలు నమస్కరించి రాసుకునేది. మేం క్షేమం. మీరు క్షేమంగా ఉన్నారని మాత్రం అనుకోను, నిన్న మ్యాట్నీ వదిలాక మెట్లు దిగుతూ మా వదిన పెట్టిన శాపనార్థాల్లో సగమైనా మీకు తగిలే ఉంటాయి.

పోస్టర్ చూసి వచ్చాం. అరవై రెండేళ్ల రిటైర్డ్ టీచరమ్మ, చిన్న ఊరు, ఒక హత్య, ఈసారి ఆవిడే హీరో అని పెద్దక్షరాలు. ఇన్నాళ్లకు మా వయసు వాళ్లకి తులసికోట చుట్టూ తిరగడం, కొడుకు ఫారిన్ వెళ్తుంటే కొంగు నోట్లో కుక్కుకోవడం కాకుండా వేరే పని ఇచ్చారని సంబరపడి, ఆ ఎండలో ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాం.

ఆవిడ జుట్టు సంగతి ఎత్తను. ముప్ఫై అయిదేళ్ల అమ్మాయికి చెవుల దగ్గర రెండు పాయలకి తెల్లరంగు పూసి అరవై రెండు అన్నారు, సరే. తెనాలి అవతల ఊరన్నారు, మే నెలన్నారు, చూస్తే పాలవాడు కనపడనంత మంచు. మే నెల్లో మా దగ్గర పొద్దున ఎనిమిదింటికే గోడలు సెగలు కక్కుతాయండీ, ఆ మంచేదో ఎక్కడ అమ్ముతున్నారో చెబితే మేమూ రెండు కిలోలు తెచ్చుకుంటాం. వీధి దీపం సరిగ్గా హంతకుడు వచ్చే వేళకే ఆరిపోతుంది, ఫోన్లకి సిగ్నల్ ఉండదు, అర్ధరాత్రి తలుపు చప్పుడైతే ఇంట్లో లైటు వెయ్యాలని ఒక్కరికీ తోచదు. అలవాటైపోయాయి లెండి, క్షమించేశాం.

జాడీ దగ్గరే నా వల్ల కావడం లేదు.

చనిపోయినావిడ ఇంట్లో పోలీసులు బీరువా, పరుపులు, ఫోను అన్నీ వెతికి వెళ్లిపోయారు. టీచరమ్మ మాత్రం వంటింట్లోకి వెళ్లి, అలమర కింది అరలో ఉన్న కొత్తావకాయ జాడీ ముందు ఆగింది. ఆవకాయ పెట్టింది ముందురోజే. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ ఎవరో విప్పి మళ్లీ కట్టారు, ముడి వేరేగా ఉంది. ఆవిడ కళ్లు చిట్లించింది, ఏమీ అనలేదు. మా వరసలో ఉన్న ఆడవాళ్లందరం ఒక్కసారే ముందుకు వంగాం. ఎందుకో మీకు చెప్పాలా? చెప్పాలి, మీకు తెలీదని తర్వాత తేలింది కాబట్టి. ఆవకాయ కలిపి జాడీకెత్తి వాసెన కట్టాక మూడోరోజు దాకా దాని జోలికి ఎవరూ పోరు. మూడోరోజు విప్పి, తిరగగలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోస్తాం. మర్నాడే విప్పారంటే ఆ మనిషికి ఆవకాయతో పని లేదు, అందులో దాచినదానితో పని. పైగా ఊరగాయ పెట్టడం ఎరగని మనిషి. చెయ్యి తడిగా ఉంటే నాలుగు రోజులు పోయాక పైన బూజు తేలుతుంది, అంటే మీరు ఏమీ చెయ్యక్కర్లేదు, సాక్ష్యం దానంతటదే పెరుగుతుంది! నిజం చెబుతున్నా, ఇంత మంచి క్లూ ఈ మధ్య ఎక్కడా చూడలేదు. వదిన నా మోచెయ్యి గిల్లి మందుల షాపు అబ్బాయే అంది. కాదు, చనిపోయినావిడ మరిదే అన్నాను నేను. ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ సంగతి కూడా మర్చిపోయి పోట్లాడుకున్నాం.

ఇంటర్వెల్ అయ్యాక హైదరాబాద్ నుంచి కుర్ర ఏఎస్పీ దిగాడు. నల్ల కళ్లద్దాలు, స్లో మోషన్, వెనక డప్పులు. టీచరమ్మని పెద్దమ్మా అన్నాడు, అప్పుడే అనుకున్నాను అయిపోయిందని. అలా పిలిచిన వాళ్లు మన చేతి కాఫీ తాగుతారు గానీ మన మాట వినరు. తాగాడు. విన్లేదు. సిగ్నలే లేని ఊళ్లో సెల్ టవర్ లెక్కలు తీశాడు, సీసీ కెమెరాలు చూశాడు, బోర్డు మీద ఫొటోలు అంటించి ఎర్రదారాలు కట్టాడు. టీచరమ్మని రైస్ మిల్లులో కుర్చీకి కట్టేసి మూతికి ప్లాస్టర్ వేశారు, ఏఎస్పీ గారు పైకప్పు పగలగొట్టుకుని దూకారు. హంతకుడు ఎవరయ్యా అంటే, అప్పటిదాకా మేం మొహమే చూడని సైకో. చిన్నప్పుడు వాళ్లమ్మ కొట్టిందట.

మరి జాడీ? జాడీ ఏమైంది? రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, దాన్ని అంత దగ్గరగా చూపించి, ఆ ముడి చూపించి, మళ్లీ ఒక్కసారి, ఒక్కసారైనా ఆ వంటింట్లోకి వెళ్లావా నువ్వు? అవును, నువ్వే. ఇంక గారు, అండీ నా వల్ల కాదు.

నాకు కొత్తగా చాదస్తం పట్టిందనుకోకు. విజయవాడ నుంచి వచ్చే పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు క్లాసు పుస్తకాల్లో పెట్టుకుని చదివినదాన్ని. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు మాకు ఇంట్లో మనుషులే. అద్దె లైబ్రరీ పుస్తకంలో ఆఖరి పేజీ చింపినవాణ్ణి తిట్టుకుంటూ హంతకుణ్ణి మేమే తేల్చుకున్నాం. 1929లో రొనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదర్ ఈ కథలకి పది నియమాలు రాస్తే అందులో మొదటిదే నేరస్తుణ్ణి కథ మొదట్లో ప్రస్తావించి తీరాలని. మరుసటేడే అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్‌తో నవల రాసింది. పెళ్లి చేసుకోని ముసలావిడ, సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూళ్లో అల్లికలు అల్లుకుంటూ, ఊళ్లోవాళ్ల బుద్ధుల్ని బట్టి లోకం బుద్ధి లెక్కగట్టి, హంతకుడెవరో పోలీసులకే చెబుతుంది. వందేళ్లు కావస్తోంది. నీకింకా ఏఎస్పీ కావాలి!

మా లైనులో ఎవరి గుమ్మంలో పాల ప్యాకెట్ తియ్యకుండా ఉందో, ఎవరు ఇస్త్రీకి బట్టలెయ్యడం మానేశారో, ఏ అల్లుడు పొద్దున వచ్చి భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడో నీ సీసీ కెమెరాకి తెలుసా? కరెంటు పోతే అది పనిచెయ్యదు. మేం కరెంటు పోయినప్పుడే బయటికొచ్చి కూర్చుంటాం. పెన్షన్ ఆఫీసు వాళ్లకి ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చూపిస్తే చాలు, నమ్ముతారు. నీకు సీను సీనుకీ చూపించినా నమ్మకం లేదు, ఆవిణ్ణి తీసుకెళ్లి కుర్చీకి కట్టేశావు.

ఇంటర్వెల్ దాకా బాగున్నావు, అదే నా ఏడుపు. మొదట్నుంచీ చెత్తగా ఉంటే హాయిగా నిద్రపోయేవాళ్లం.

చివర్లో రెండో భాగం ఉందని వేశావు కదా. ఈలోగా ఆ ఏఎస్పీని లంబసింగి వైపు బదిలీ చేయించు, నీ మంచు కూడా అక్కడే దొరుకుతుంది. టీచరమ్మ మూతికి ప్లాస్టర్ తియ్యి. ఆ జాడీ మూత తీయించి లోపల ఏముందో, చెయ్యి పెట్టింది ఎవరో చెప్పు. వదిన ఇంకా మందుల షాపు అబ్బాయే అంటోంది, నేను మరిదే అంటున్నాను, నిన్న రాత్రి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇట్లు,
బ్రాడీపేట నుంచి,
నీ పెద్దమ్మ