వేదికకు ముందు నేల, రంగుకు ముందు నీడ

బ్యాలే నర్తకి వేదిక మీద గాలిలో తేలినట్టు కనిపించేది కొన్ని క్షణాలే. ఆ క్షణాల కోసం ఆమె రోజూ గంట, గంటన్నర క్లాసు చేస్తుంది. నడుమెత్తు కొయ్య కమ్మీ పట్టుకుని, మోకాళ్లు వంచి లేచే ప్లియేతో క్లాసు మొదలవుతుంది. తర్వాత పాదాన్ని నేలకు రాసుకుంటూ చాచే తాందు, కాలితో నేల మీద అర్ధవృత్తం గీయడం, చివరగా కాలు పైకి విసరడం. కొత్తగా చేరిన పిల్లయినా, పేరు మోసిన ప్రధాన నర్తకి అయినా మొదలు అక్కడే. ప్లియే ముందు రావడానికి కారణముంది. ప్రతి గెంతూ ప్లియే నుంచే లేస్తుంది, ప్లియేలోకే దిగుతుంది. దిగేటప్పుడు వేళ్లు, ముంగాలు, మడమ వరసగా నేలను తాకకపోతే ఆ దెబ్బంతా మోకాలి మీద పడుతుంది. ఆరుబయట బొమ్మలు వేసేవాళ్లకూ ఇలాంటి క్రమమే కావాలి, ఆ సంగతి తర్వాత చూద్దాం.

రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవాకు శిక్షణ ఇచ్చిన ఎన్రికో చెకెట్టి వారంలో ఒక్కో రోజుకు ఒక్కో అభ్యాసక్రమం నిర్ణయించాడు. ఈరోజు ఏం చేద్దామన్న ప్రశ్నకే చోటు లేదు. ఆ పావ్లోవా ప్రోత్సాహంతోనే రుక్మిణీదేవి అరుండేల్, పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర కొంతకాలం బ్యాలే నేర్చుకున్నారు, తర్వాత మన నాట్యం వైపు తిరిగారు. 1936లో మద్రాసులో ఆమె నాట్య విద్యాలయం కళాక్షేత్ర వెలిసింది. బ్యాలే మనకు బొత్తిగా సంబంధం లేని విద్య అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తిరుపతికి నాట్యం కొత్త కాదు. టీటీడీ నడిపే సంగీత నృత్య కళాశాల ఉంది, మహతి ఆడిటోరియం ఉంది, కొండ మీద నాదనీరాజనం వేదిక ఉంది. అన్నమయ్య కీర్తనకు అడుగు కలపని నాట్య విద్యార్థి ఈ ఊళ్లో అరుదు. ఇంత ఉన్నా, పిల్లను చేర్పించగానే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న "స్టేజీ ఎప్పుడు ఎక్కిస్తారు?" అనే. బొమ్మలు నేర్పించే చోటైతే ప్రశ్న పోటీ గురించి, సర్టిఫికెట్ గురించి. అంకితభావం అనే మాట సన్మానసభల్లో చాలా వినిపిస్తుంది. దాన్ని కొలవాలంటే మాత్రం మూడు సంగతులు అడిగితే చాలు: పిల్ల ఏ నేల మీద సాధన చేస్తోంది, ఏ వేళకు చేస్తోంది, అదే పని ఎన్ని నెలలుగా చేస్తోంది.

నేల సంగతి ముందు చూద్దాం, మనం అస్సలు పట్టించుకోనిది అదే కాబట్టి. బ్యాలే శిక్షణాలయాల్లో కాంక్రీటు మీద నేరుగా ఆడనివ్వరు, కింద స్ప్రింగులా కాస్త అణిగే చెక్క నేల వేస్తారు. మన ఇళ్లలో గ్రానైటో టైల్సో ఉంటాయి, మండపంలో అయితే రాయి. దాని మీద చెప్పుల్లేని పాదంతో తట్టడవు (పాదంతో నేలను తట్టే అడుగు) వేలసార్లు కొడితే నేల ఏమీ తీసుకోదు, అదురంతా కాలి ముందెముకకు ఎక్కుతుంది. మోకాలి కింద ముందువైపు నొప్పి, పొద్దున లేవగానే మడమ నొప్పి మొదలవుతాయి. దాన్ని పిల్ల బద్ధకం అనుకునే ఇళ్లున్నాయి. మందు ఖరీదైనదేమీ కాదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన వేస్తే 8 అడుగుల చదరం వస్తుంది. కింద అడుగుకొకటి చొప్పున చెక్క రీపర్లు, వాటి కింద రబ్బరు ముక్కలు పెట్టాలి. స్క్రూ తలలు చెక్కలోకి దిగిపోవాలి, లేకపోతే పాదం చీరుకుపోతుంది.

ఇక అడవు, అంటే నాట్యంలో ప్రాథమిక అడుగు. మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, అరమండి (మోకాళ్లు పక్కలకు విప్పి సగం కూర్చున్న భంగిమ) చక్కగానే ఉంటుంది. రెండో కాలానికి కాస్త లేస్తుంది. మూడో కాలం వచ్చేసరికి పిల్ల దాదాపు నిలబడే ఆడుతుంటుంది, అయినా తాళం తప్పలేదు కాబట్టి ఇంట్లో అందరూ చప్పట్లు కొడతారు. దీన్ని పట్టుకోవడానికి గురువే ఉండక్కర్లేదు. అరమండిలో ఉన్నప్పుడు తల ఎత్తెంతో చూసి, వెనక గోడ మీద అడ్డంగా ఒక టేపు అంటించండి. ఏ కాలంలో తల టేపు దాటిందో అంతకంటే వేగం ఇంకా ఆ పిల్లకు రాలేదన్నమాట. పాదాలు పక్కలకు తిప్పడం కూడా ఇంతే. ఆ తిప్పు తుంటి దగ్గర నుంచి రావాలి. పాదాలను మాత్రం బలవంతంగా విప్పితే మోకాలు మెలిపడుతుంది, అరికాలు లోపలికి వాలుతుంది. వంగినప్పుడు మోకాలిచిప్ప రెండో వేలికి సూటిగా ఉందా లేదా అన్నది బ్యాలేకైనా కూచిపూడికైనా పనికొచ్చే పరీక్ష.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పాలి. ఫోన్‌లో బ్యాలే చూసిన పిల్లలు మునివేళ్ల మీద నిలబడటానికి వేసుకునే పాయింట్ షూ కావాలని అడుగుతున్నారు, నంబరు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించే తల్లిదండ్రులూ ఉంటారు. దయచేసి తెప్పించకండి. ఆ షూ ముందుభాగం గుడ్డ పొరలను జిగురుతో గట్టిపరిచి చేసింది, అరికాలి కింద ఒక పట్టీ ఉంటుంది. ఒక్కో పాదానికి చూసి అమర్చాల్సిన వస్తువు అది. చెమటకు, ఒత్తిడికి మెత్తబడిన షూలో పాదం కిందికి కుంగి చీలమండ అదుపు తప్పుతుంది. సాధారణంగా 11, 12 ఏళ్లు రాకుండా, అంతకుముందు కొన్నేళ్ల క్లాసు లేకుండా, గురువు ఎదుట లేకుండా మునివేళ్ల మీదికి ఎక్కించరు. ఎదిగే ఎముకలతో ప్రయోగాలు చేయకూడదు.

ఆరుబయట బొమ్మ వేసేవాడికి నేల బదులు వెలుగు. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. రెండు గంటలు దాటి అదే బొమ్మ మీద కూర్చుంటే ఎడమ చెట్టుకు పొద్దుటి నీడ, కుడి చెట్టుకు పదిన్నర నీడ పడుతుంది. చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో చెప్పలేరు. అందుకే మొదటి పది నిమిషాల్లో రంగు ముట్టకూడదు. పెన్సిల్‌తో నీడల హద్దులు గీసి, మూలన టైమ్ రాసుకోవాలి. ఆ తర్వాత ఎదురుగా నీడ ఎంత జరిగినా కాగితం మీద జరపకూడదు. వెలుగు మారగానే ఆపి, మర్నాడు అదే వేళకు రావాలి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1890-91లో గడ్డివాముల మీద వేసిన పాతిక బొమ్మల వెనక ఉన్నది ఈ క్రమమే. వెలుగు మారినప్పుడల్లా ఒక కాన్వాస్ పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. మన పల్లెల్లో ఏ కళ్లం పక్కన చూసినా కనబడే వామి లాంటిదే ఆయన వస్తువు.

తిరుపతి వాళ్లకు శేషాచలం కంటే మంచి వస్తువు దొరకదు. ఊరికి ఉత్తరాన అడ్డంగా పరుచుకున్న కొండ, పైఅంచున నిలువు పగుళ్లతో ఎర్రటి రాతిగోడలు, కింద పొదలు. ఆ రాతిగోడలు మనవైపు, అంటే దక్షిణానికి తిరిగి ఉన్నాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా వెలుగు కుడివైపు నుంచి ఏటవాలుగా పడి ప్రతి పగులూ తేటగా కనిపిస్తుంది. మధ్యాహ్నానికి వెలుగు సూటిగా పడి కొండ చదునైపోతుంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా లెక్క తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, రాతిగోడల మీద వాటి నీడే పడుతుంది. మన వేసవి శిబిరాలన్నీ జరిగేది సరిగ్గా ఈ కాలంలోనే!

ఎండతో ఇంకో చిక్కు కూడా ఉంది. నీటిరంగు పూత సగం దూరం వెళ్లేలోపే ఆరిపోయి మధ్యలో గీత పడుతుంది. ఆ గీత మీద తడి కుంచె పెడితే పువ్వులాంటి మరక లేస్తుంది, అది ఇక పోదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితాన్ని రెండువైపులా తడిపి అట్ట మీద పరచడం, అనుకున్నదానికి రెట్టింపు రంగు ముందే కలుపుకోవడం, మంచినీళ్ల కుంచె వేరుగా ఉంచుకోవడం కొంత కాపాడతాయి. కాగితం మీద మాత్రం నేరుగా ఎండ పడనివ్వద్దు. తెల్లదనానికి కళ్లు జిగేల్‌మని ప్రతి రంగూ లేతగా తోస్తుంది, మనం ముదురు చేసుకుంటూ పోతాం, ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా నల్లబడి ఉంటుంది. కొండకు ట్యూబులోని పచ్చరంగు అలాగే పూయడం మరో అలవాటు. బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగులో కొంచెం అల్ట్రామెరైన్ నీలం కలిపితే ఆ రాతి నీడ దగ్గరికొస్తుంది.

ఈ ఓపిక మన నేలకు తెలియనిదేమీ కాదు. పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాకే కలం పెడతారు. పాలు చాలకపోతే గీత పాకుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన కసిమి పులిసేదాకా నల్లరంగు కోసం ఆగాల్సిందే.

అందుకని బొమ్మల శిబిరాలను మే నెల నుంచి తప్పించాలి. ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ప్రతి ఆదివారం పెట్టుకోవచ్చు. అలిపిరి వైపు ఒకే చోటు, అదే ఏడున్నర, అదే సైజు కాగితం. నాట్యానికి ఏడాది పొడవునా చెక్క నేల మీద రోజూ నలభై నిమిషాలు, అందులో సగం మొదటి కాలానికే ఇవ్వాలి. బొమ్మలకు చంద్రగిరి కోటలోని రాజమహల్‌ను రెండో ఏడాదికి ఉంచుకోవడం మంచిది. మూడంతస్తుల కమానులు, వాటి లోపలి నీడలు గీయాలంటే చెయ్యి కుదరాలి. కొండ గీతలో కాస్త తప్పు పోయినా కొండే అనిపిస్తుంది, కమాను గీత తప్పితే గోడ పక్కకు వాలిపోతుంది.